కప్పు మనదే, గరిటె కొట్టుది

సొంత గ్లాసు తీసి టీ కొట్టు బల్ల మీద పెట్టగానే వచ్చే అభ్యంతరం ఒకటే: "అది ఎంగిలి గ్లాసు కదండీ, మా గిన్నె దగ్గర పెట్టకండి." అమలాపురంలో బడ్డీ కొట్టయినా, రాజమండ్రిలో ఏసీ కాఫీ షాపయినా మాట తీరు మారుతుంది గానీ భయం అదే. కాఫీ షాపు కుర్రాడు "కంపెనీ రూలు సార్" అంటాడు. బడ్డీ ఆయన ఎంగిలి అంటాడు. ఇద్దరిలో బడ్డీ ఆయన మాటే శాస్త్రానికి దగ్గర.

ఎంగిలి పట్టింపులో పనికొచ్చే ముక్క ఒకటుంది: నోటికి తగిలింది అందరి గిన్నెకీ తగలకూడదు. చెంబు ఎత్తి గొంతులో పోసుకోమనడం, వడ్డించే గరిటె కంచానికి తగలనివ్వకుండా పైనుంచి జారవిడవడం, అన్నీ ఆ ఒక్క సూత్రమే. అమెరికాలో రాష్ట్రాలు తమ హోటలు నిబంధనలకు నమూనాగా పెట్టుకునే ఫుడ్ కోడ్ కూడా కస్టమరు తెచ్చిన కప్పు గురించి ఇంచుమించు ఇదే చెబుతుంది. కప్పు తేవద్దని అనదు. నింపేటప్పుడు ఆ కప్పు మురికి కొట్టు సామానుకి అంటని పద్ధతిలో నింపమంటుంది.

పనికిరాని ముక్క కూడా ఉంది. ఎన్నిసార్లు కడిగినా ఎంగిలి పోదనుకోవడం, పైగా అది గ్లాసుని కాక మనిషిని బట్టి పట్టించుకోవడం. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. కొందరికి లోపల గ్లాసు, దళితులకు బయట చూరులో విడిగా పెట్టిన గ్లాసు, అదీ వాళ్లే కడిగి పెట్టాలి. ఆ సంగతి తెలిసిన కొట్టాయన ఎవరికీ "మీ గ్లాసు మీరే తెచ్చుకోండి" అని చెప్పకూడదు. తెచ్చినవాళ్లకి పోయాలి, తేనివాళ్లకి కొట్టు గ్లాసు ఇవ్వాలి. ఈ రెంటికీ మధ్య తేడా చాలా ఉంది.

ఇక అసలు ప్రమాదం ఎటునుంచి ఎటు వెళ్తుందో విడదీసి చూడాలి. ఒకటి, మన కప్పులోని క్రిములు మనకే రావడం. రెండు, మన కప్పు నుంచి కొట్టు గిన్నెకీ, అక్కడినుంచి తర్వాత వచ్చేవాళ్లకీ వెళ్లడం. మొదటిదానికి మందు ఇంట్లో కడగడంలో ఉంది. రెండోదానికి మందు పోసే చేతిలో ఉంది. కప్పు ఎంత శుభ్రంగా ఉన్నా, కెటిల్ ముక్కు దాని అంచుకి తగిలితే రెండోది జరిగినట్టే. కప్పు కాస్త అటూఇటూగా ఉన్నా, ధార పైనుంచి పడితే నష్టం ఆ కప్పు యజమానికే.

బడ్డీ దగ్గర పోసే తీరు గమనించండి. గ్లాసులు వరసగా పేర్చి కెటిల్‌తో ఒకే ధార సాగించే మాస్టరు చేతిలో ముక్కు ఏ గ్లాసుకీ తగలదు. అన్ని గ్లాసులదీ ఒకే ఎత్తు, ఒకే మూతి, చేతికి అలవాటైన కొలత. మధ్యలో పొడుగాటి సొంత కప్పు వచ్చిందంటే లెక్క తప్పుతుంది. మూతి ఇరుకైతే ధార పక్కకి పోతుందని ముక్కుని లోపలికి దించుతాడు. తగిలేది సరిగ్గా అక్కడే. అందుకని కప్పు కొనేటప్పుడు రంగు, మూత డిజైను తర్వాత చూసుకోవచ్చు. ముందు మూతి వెడల్పు చూడాలి. ఏడు సెంటీమీటర్లు, అంటే మన నాలుగు వేళ్లు పట్టేంత ఉంటే చాలు. పోసే ఎత్తు కూడా అంతే, అంచుకి పైన నాలుగు వేళ్లు.

కొలత ఇంకో చిక్కు. బడ్డీ టీ వంద మిల్లీలీటర్ల లోపే ఉంటుంది, మన కప్పు చూస్తే మూడొందలు పడుతుంది. ఎంత పోయాలో తెలియక మాస్టరు విసుక్కుంటాడు. కొట్టు గ్లాసులో ఒక టీ పోసి దాన్ని మన కప్పులోకి వంచితే కొలతా తేలిపోతుంది, కెటిల్ దూరంగానూ ఉంటుంది. వంచిన గ్లాసు అంచు మన కప్పుకి తగిలినా పర్వాలేదు, అది ఎలాగూ కడగడానికే వెళ్తుంది. తిరిగి బల్లమీది వరసలోకి వెళ్లకూడదు, అంతే.

కాఫీ అయితే ఇంకాస్త జాగ్రత్త. డికాషన్, పాలు, పంచదార కలిపి రెండు గ్లాసుల మధ్య ఎత్తి పోసి నురుగు తెప్పిస్తారు కదా, ఆ పని మొత్తం కొట్టు గ్లాసుల్లోనే అయిపోవాలి. మన కప్పు ఆ ఆటలోకి దిగకూడదు. చివర్లో ఒక్కసారే అందులో పడాలి. పడ్డది వెనక్కి పోకూడదు. "కొంచెం స్ట్రాంగ్ తగ్గింది, ఇంకాస్త డికాషన్ వేయండి" అని తాగిన కప్పు చాపితే గరిటె ఆవిరి మీదే ఆగిపోవాలి, లోపలికి దిగకూడదు. పంచదార చెంచా గురించి ఎవరూ ఆలోచించరు గానీ అసలు దొంగ అదే. తడి కప్పులో వేసి కలిపిన చెంచాని తిరిగి డబ్బాలో గుచ్చితే పంచదార గడ్డకట్టడమే కాదు, ఆ కప్పు పెదవి తడి డబ్బాకి చేరుతుంది. కలపడానికి చెంచా వేరు, తోడడానికి చెంచా వేరు.

బల్ల సంగతి. కప్పుని నేరుగా పాల గిన్నె పక్కన పెట్టకుండా ఒక చిన్న స్టీలు పళ్లెం వాడితే సగం గొడవ తీరుతుంది. మూత తీసి చేతిలో పట్టుకుని కప్పుని పళ్లెంలో పెట్టేది మనమే. కొట్టాయన కప్పు ముట్టుకోకుండా పోస్తాడు. మళ్లీ తీసుకునేదీ మనమే. బ్రిటన్లో 2020 కోవిడ్ రోజుల్లో ఇదే పద్ధతిని ముట్టుకోని కాఫీ అని ప్రచారం చేశారు. దాన్లో ఉన్నదంతా ఒక ట్రే, కాస్త ఎత్తునుంచి పోసే చెయ్యి.

పెద్ద కాఫీ షాపులు నడిచిన దారి కూడా దాదాపు ఇదే. స్టార్‌బక్స్ సొంత కప్పు తెచ్చినవాళ్లకి 1985 నుంచే ధర తగ్గించి ఇస్తోంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆపేసింది. 2021లో అమెరికాలో మళ్లీ మొదలెట్టినప్పుడు కస్టమరు కప్పుని పింగాణీ మగ్గులో నిలబెట్టి, ఆ మగ్గుని పట్టుకునే పద్ధతి పెట్టింది. మూత కస్టమరు దగ్గరే. ఉద్యోగి చెయ్యి కప్పుకి తగలదు. 2024 జనవరి నుంచి అమెరికా, కెనడాల్లో కారులోంచి కొనేవాళ్లకీ, ఫోన్లో ఆర్డరిచ్చేవాళ్లకీ కూడా సొంత కప్పు ఒప్పుకుంది.

యంత్రం మీద కాఫీ తీసే షాపులో చూడాల్సినవి రెండే. ఎస్ప్రెసో, అంటే యంత్రం దించే చిక్కటి డికాషన్, 30 మిల్లీలీటర్లయినా 60 అయినా షాపు చిన్న గ్లాసులోకే దిగాలి, మన కప్పు యంత్రం గొట్టాల కిందకి వెళ్లకూడదు. పాలు వేడిచేసే ఆవిరి గొట్టం షాపు స్టీలు జగ్గులోనే మునగాలి. ఎవరైనా మన కప్పులోనే పాలు పోసి ఆ గొట్టం ముంచబోతే అక్కడే ఆపండి. పాలని 60 నుంచి 65 డిగ్రీల దాకానే వేడిచేస్తారు, ఆ గొట్టం రోజంతా అందరి పాలలోనూ మునుగుతుంది.

"టీ సలసలా కాగి ఉంటుంది కదా, కప్పులో ఏమున్నా చస్తుంది" అనే మాట సగం నిజం. ఎనభై అయిదు డిగ్రీల టీ పడ్డచోట మామూలు బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. కాని చల్లటి స్టీలు ఆ వేడిని లాగేస్తుంది, ఒంటి గోడ కప్పులో టీ నిమిషాల్లో చల్లారుతుంది. టీ తగలని చోట్లు రెండున్నాయి: అంచుకి బయటివైపు మన పెదవి ఆనే రెండు సెంటీమీటర్లు, మూత లోపలి చుట్లు. మురికి చేరేది సరిగ్గా అక్కడే. పైగా పాలల్లో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా గింజలాంటి రూపంలో మరుగుని కూడా తట్టుకుని, చల్లారాక మొలకెత్తుతుంది. కొన్ని రకాలు వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. కోల్డ్ కాఫీ, లస్సీ, బాదం పాలు సొంత కప్పులో పోయించుకునేవాళ్లకి ఈ సగం నిజం కూడా లేదు. వాటికి కప్పు ఎండుగా, వాసన లేకుండా ఉండి తీరాలి.

మరి పేపరు కప్పు శుభ్రమా? వందల కప్పులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని వస్తాయి. వాటిని విడదీయడానికి వేలు లోపల పెట్టి లాగుతారు, రాకపోతే నోటితో ఊదుతారు. అది ఎంగిలి కాదని ఎవరనగలరు? లోపలి పూత ప్లాస్టిక్కే. 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్లు వంద మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు లెక్కగట్టారు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల్లో ప్లాస్టిక్ కప్పులున్నాయి గానీ, పూత ఉన్న పేపరు కప్పు ఆ జాబితాలో లేదు. అందుకే బడ్డీల దగ్గర ప్లాస్టిక్ కప్పు పోయిన చోటల్లా అదే వచ్చి కూర్చుంది.

గాజు గ్లాసు మంచిదే, దాన్ని ముంచే బకెట్టే అనుమానం. ఉదయం నింపిన పది లీటర్ల బకెట్లో ముంచి తీసిన గ్లాసుకి అంతకుముందు ముంచిన గ్లాసులన్నిటి కడుగూ అంటుతుంది. కొట్టువాళ్లకి మూడు బకెట్లు పెట్టుకోవడం కష్టమేమీ కాదు: ఒకటి సబ్బు నీళ్లు, ఒకటి మంచినీళ్లు, మూడోది క్లోరిన్ నీళ్లు. మూడోదాంట్లో గ్లాసు నిమిషం మునిగి ఉండాలి, తీసి బోర్లించి ఆరనివ్వాలి, గుడ్డతో తుడవకూడదు. లెక్క సులువు. క్లోరిన్ ద్రావణం సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4 శాతం అని ఉంటే రెండు లీటర్ల నీళ్లకి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాడు. 5 శాతం అయితే లీటరుకి 2 మిల్లీలీటర్లు. పది లక్షల పాళ్లలో వంద పాళ్ల క్లోరిన్ వస్తుంది, పాత్రలకి అది సరిపోతుంది. సువాసన కలిపిన బాత్రూం లిక్విడ్ వాడకూడదు, మరుగుదొడ్డి యాసిడ్‌తో అస్సలు కలపకూడదు, విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్ పౌడరు నమ్మకం లేనిది. మన గాలి తేమకి మూత తీసిన సంచీలో దాని బలం రోజురోజుకీ పడిపోతుంది.

ఇప్పుడు మన కప్పు కడగడం. ఇక్కడ చాలామంది చేసే తప్పు మొదటి అడుగులోనే ఉంది. తాగేసిన పాల కాఫీ కప్పులో వేడి నీళ్లు పోస్తారు. పాల ప్రొటీను వేడికి గడ్డకట్టి స్టీలుకి అతుక్కుంటుంది. గిన్నె అడుగున పాలు పట్టినట్టే, కాకపోతే కంటికి కనిపించదు. దాని మీద రోజూ ఒక పొర చేరితే మూడో వారానికి మాగిన వాసన మొదలవుతుంది. పాల డెయిరీల్లో కూడా పాత్రలని ముందు చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లతోనే కడుగుతారు, వేడి తర్వాత. తాగిన వెంటనే రెండు గుక్కల మంచినీళ్లు పోసి, మూత బిగించి ఆడించి పారబోస్తే సగం పని అక్కడే అయిపోతుంది. కొట్టాయన్ని కడిగిపెట్టమని అడక్కండి, ఆయన ముంచేది ఆ బకెట్లోనే. ఆ తర్వాత ఇంటికి చేరేదాకా మూత బిగించకుండా వదులుగా పెట్టాలి. పాల తడితో మూతపడి, మే నెల ఎండలో బండి డిక్కీలో నాలుగు గంటలున్న కప్పు క్రిములకి పెరుగు తోడుపెట్టినంత హాయి.

రాత్రి కడిగేటప్పుడు మూతని విడి భాగాలుగా తీయాలి. రబ్బరు వాషరు, జరిగే తలుపు, స్ట్రా ఉంటే అదీ. వాషరుని గోటితో లాగితే చినుగుతుంది, చెంచా కాడతో లేపితే వస్తుంది. దాని గాడిలో గోధుమరంగు జిగురు కనిపిస్తే వాసన ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసిపోతుంది. వాషరు తీయడానికి వీల్లేని మూత ఎంత అందంగా ఉన్నా కొనకండి. గిన్నెలు తోమే పీచు కప్పుకి వాడకూడదు, దాన్లో చేపల పులుసు జిడ్డు నుంచి నిన్నటి పెరుగు దాకా అన్నీ ఉంటాయి. సీసాలు కడిగే బ్రష్ ఒకటి విడిగా పెట్టుకుని, వాడాక తల పైకి పెట్టి ఆరనివ్వాలి. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు ద్రవం, అంచు లోపలా బయటా గట్టిగా తోమడం, పారే నీళ్లలో రెండుసార్లు కడగడం. ఒంటి గోడ స్టీలు గ్లాసయితే చివర మరిగిన నీళ్లలో అర నిమిషం ముంచి తీయొచ్చు. నీళ్లు 77 డిగ్రీల కింద పడకుంటే చాలు. రెండు గోడల ఫ్లాస్కు కప్పుని మాత్రం పొయ్యి మీద నీళ్లలో వేసి మరిగించకండి. అడుగు అతుకు వదిలితే మధ్యలోని శూన్యం పోతుంది, ఇక వేడి నిలవదు. దాని లోపల మరిగిన నీళ్లు నింపి రెండు నిమిషాలుంచి పారబోయండి.

వాసన పట్టిన వాషరుకి తినే సోడా: ఒక కప్పు వేడి నీళ్లకి చిన్న చెంచాడు, అరగంట నానబెట్టాలి. టీ కప్పు లోపల పట్టే గోధుమ మరక కూడా దీనితోనే పోతుంది. ఆ మరక టీలోని వగరు పదార్థమే, విషం కాదు, కానీ నున్నటి స్టీలుని గరుకు చేసి పాల పొరకి పట్టు ఇస్తుంది. సముద్రం దాపు ఊళ్లలో, అంతర్వేది వైపూ నరసాపురం వైపూ, బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట తెల్లటి చార కడుతుంది. దానికి సోడా పనిచేయదు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చిన్న చెంచాడు పావు లీటరు వేడి నీళ్లలో వేసి ఇరవై నిమిషాలు ఉంచాలి. ఉప్పు నీళ్ల తడి అలాగే ఎండితే స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, ఆ గుంటల్లో బ్రష్ దిగదు. క్లోరిన్ నీళ్లలో గంటలకొద్దీ వదిలేసినా అదే గతి. చివరి కడుగు తాగే నీళ్లతో అయితే ఈ గొడవ లేదు.

నీళ్ల సంగతి ఋతువుని బట్టి మారుతుంది. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఊళ్లకి చెరువు నిల్వ నీళ్లే దిక్కు. శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు కుళాయి నీళ్లు కూడా మసకబారొచ్చు. పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా ఒండ్రు కిందకి దిగి నీళ్లు తేటపడతాయి, క్రిములు మాత్రం చావవు. ఒండ్రు నీళ్లలో నేరుగా క్లోరిన్ వేసినా దాని బలమంతా ఆ మట్టీ చెత్తా తినేస్తాయి. ముందు తేర్చి, పై నీళ్లు వంచుకుని, ఆ తర్వాతే క్లోరిన్ వేయాలి, లేదా మరిగించాలి. ఇరవై లీటర్ల టిన్ను కొనేవాళ్లు తాగడానికి ఆ నీళ్లు వాడి, కప్పు మాత్రం ఎర్రనీళ్లతో కడిగి పెడుతుంటారు. ఆఖరి కడుగుకి ఒక గ్లాసుడు టిన్ను నీళ్లు ఖర్చు పెట్టినా నష్టం లేదు.

ఆరబెట్టడం కడగడమంత పని. బల్లమీద బోర్లిస్తే లోపల ఆవిరి చిక్కుకుని తెల్లారేసరికి అంచు చుట్టూ తడి వలయం ఉంటుంది. ముసురు రోజుల్లో వాషరు కింద నల్లటి బూజు పుట్టేది దానివల్లే. ఒక పక్క చెంచా ఆనించి ఏటవాలుగా బోర్లించండి, గాలి ఆడుతుంది. మూత, వాషరు విడివిడిగా ఆరాలి, పొద్దున బయల్దేరేటప్పుడే బిగించాలి. ఎండ ఉంటే ఎండలో పెట్టండి.

రకాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 304 రకం స్టీలు అన్నిటికన్నా నమ్మకం. ఇత్తడి గ్లాసు ముచ్చటగానే ఉంటుంది, లోపల కళాయి చెదరకుండా ఉన్నంతవరకే వాడాలి, లోపల చింతపండూ పీచూ పెట్టి తోమితే ఆ కళాయి పోతుంది. గీతలు పడ్డ ప్లాస్టిక్ పారేయాల్సిందే. వెదురు కప్పు అని అమ్మేవాటిలో కొన్ని వెదురు పొడి కలిపిన మెలమైన్ అనే ప్లాస్టిక్. వేడి పానీయానికి వాటినుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం దిగుతుందని జర్మనీలో ఆహార ప్రమాదాలను అంచనా వేసే సంస్థ హెచ్చరించింది.

కప్పు మోసుకెళ్లే సంచీ కూడా చూసుకోవాలి. మన వైపు ఇది చిన్న విషయం కాదు. పొద్దున రొయ్యలు తెచ్చిన సంచిలోనే సాయంత్రం కప్పు పడేస్తే, పచ్చి రొయ్యల మీద ఉండే విబ్రియో బ్యాక్టీరియా అంచుకి అంటుతుంది, అది వాంతులూ విరేచనాలూ తెప్పిస్తుంది. చేపల సంచీ చేపలకే. కప్పుకి మూతి బిగించే గుడ్డ సంచీ ఒకటి కుట్టించుకుని వారానికి రెండుసార్లు ఉతికితే సరి.

పార్సిల్ టీకి పల్చటి ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు అనే పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది. దానికి బదులు ఆఫీసుల్లో ఫ్లాస్కు ఎప్పటినుంచో ఉన్నదే, సొంత కప్పుకి అదే పెద్దన్న. ఫ్లాస్కుని ముందు మరిగిన నీళ్లతో నింపి అయిదు నిమిషాలుంచి పారబోసి, అప్పుడు టీ పోయించాలి, నిండుగా. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. పాల టీ 60 డిగ్రీల పైన ఉన్నంతసేపే నిశ్చింత. గోరువెచ్చగా మారాక రెండు గంటలు దాటితే పారబోయడమే. మిగిలిన దాని మీదే కొత్త టీ పోయించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

భయపడాల్సినవీ, అక్కర్లేనివీ కలగాపులగం చేసుకుంటాం కూడా. టీబీ గ్లాసు వల్ల అంటదు, గాలి వల్ల అంటుతుంది. ఇంట్లో టీబీ మనిషికి గ్లాసు వేరు పెట్టడం వల్ల ఆ మనిషి చిన్నబుచ్చుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పచ్చకామెర్లలో హెపటైటిస్ బి కప్పు వల్ల రాదు. ఎ, ఇ రకాలు మాత్రం కలుషితమైన నీళ్లతో వస్తాయి, అవి ఆ కడుగు బకెట్లో దొరకొచ్చు. జలుబు, ఫ్లూ, పెదవి మీద పొక్కులు ఒకే కప్పు పంచుకుంటే అంటుకోవచ్చు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు సొంత కప్పు కొట్టుకి తీసుకెళ్లకండి. తగ్గాక కూడా రెండు రోజులు ఆగండి, నోరోవైరస్ లాంటివి ఒంట్లోంచి ఇంకా బయటికి పోతూనే ఉంటాయి. ఆ కప్పుని సబ్బుతో తోమాక ఈసారి క్లోరిన్ పదింతలు, అంటే 4 శాతం ద్రావణం లీటరుకి 25 మిల్లీలీటర్లు కలిపిన నీళ్లలో అయిదు నిమిషాలుంచి, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. వాషరు చవకే, వీలైతే కొత్తది వేయండి.